ప్రీ-మెడ్ ఆనర్ సొసైటీలో ఎలా చేరాలి, చేరాక ఏం చేయాలి

అమెరికాలో కాలేజీలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే నాకొక మెయిల్ వచ్చింది. "అభినందనలు! మీ ప్రతిభను గుర్తించి మా ఆనర్ సొసైటీలోకి ఆహ్వానిస్తున్నాం" అని. ఆనర్ సొసైటీ అంటే మంచి గ్రేడ్లు వచ్చిన విద్యార్థుల్ని చేర్చుకునే సంఘం. అప్పటికి నా చేతిలో ఒక్క గ్రేడు కూడా లేదు. లేని ప్రతిభను ఎలా గుర్తించారో ఆలోచించకుండా, మా నాన్న కార్డు నంబరు కొట్టి డబ్బు కట్టేశాను. నెల తర్వాత పోస్టులో ఒక సర్టిఫికెట్ వచ్చింది. అంతే. మా క్యాంపస్‌లో ఆ సంస్థ తాలూకు మనిషంటూ ఒక్కరు కూడా లేరు. ప్రీ-మెడ్ (మెడిసిన్‌కి సిద్ధమయ్యే డిగ్రీ విద్యార్థుల) అడ్వైజర్ని అడిగితే ఆవిడ ఆ పేరే వినలేదన్నారు.

ఏడాదిన్నర తర్వాత వేరే సొసైటీలో చేరాను. దాని పేరు ఆల్ఫా ఎప్సిలాన్ డెల్టా, అందరూ ఏఈడీ అంటారు. అక్కడ పరిచయమైన సీనియర్లు లేకపోతే నేను మెడికల్ స్కూల్ అప్లికేషన్ దాకా వచ్చేదాన్నే కాదు. రెండూ పేరుకి ఆనర్ సొసైటీలే, రెండింటికీ డబ్బు కట్టాను, రెండూ సర్టిఫికెట్ ఇచ్చాయి. తేడా ఎక్కడుందో ముందే చెప్పేవాళ్ళుంటే బాగుండేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. అమెరికాలో డిగ్రీ చదువుతూ డాక్టరు, డెంటిస్టు, ఫిజిషియన్ అసిస్టెంట్, వెటర్నరీ లాంటి దారుల్లో వెళ్ళాలనుకునే తెలుగు పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ పనికొస్తుందని నా నమ్మకం.

మన ఇళ్ళలో ఒక ఇబ్బంది ఉంది. మా అమ్మానాన్నలకి తెలిసిన మెడిసిన్ దారి ఎంసెట్ దారి. ఇంటర్ బైపీసీ, ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఆ ర్యాంకుకి ఒక సీటు. ఇప్పుడు ఎంసెట్ స్థానంలో నీట్ వచ్చింది కానీ పద్ధతి అదే. ఇక్కడ అలా కాదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ. ఎంక్యాట్ అనే మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష స్కోరు, జీపీఏ (గ్రేడ్ల సగటు) ఎంత బాగున్నా సరే, ఆస్పత్రిలో గడిపిన గంటలు, డాక్టర్ల వెంట తిరిగి చూసిన అనుభవం (షాడోయింగ్ అంటారు), ప్రొఫెసర్లు రాసే ఉత్తరాలు, మన గురించి మనం రాసుకునే వ్యాసం, అన్నీ చూస్తారు. ఇంట్లో ఇక్కడ చదువుకున్న డాక్టరు ఉంటే ఇవన్నీ భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోతాయి. మాలాంటి ఇళ్ళలో చెప్పేవాళ్ళు ఉండరు. ఆ లోటు తీర్చుకోవడానికే నేను ఏఈడీకి వెళ్ళమంటాను. సొసైటీ సభ్యులు గ్రాడ్యుయేషన్ రోజు మెడలో వేసుకునే రంగు తాడు కోసమే అయితే అక్కర్లేదు.

ముందు అసలుదేదో తేల్చుకోండి

ఏఈడీ 1926లో అలబామా యూనివర్సిటీలో మొదలైంది. డాక్టర్ జాక్ మాంట్‌గోమరీ దాన్ని స్థాపించారు. ఆరోగ్యరంగంలో ఏ వృత్తికి సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థులైనా చేరొచ్చు, ప్రీ-మెడ్ వాళ్ళకే అని లేదు. ఇది చాప్టర్లుగా (కాలేజీకో శాఖగా) పనిచేస్తుంది. అంటే మీ కాలేజీలో చాప్టర్ ఉంటేనే మీరు చేరగలరు. ఆ చాప్టర్‌కి ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్ ఉంటారు, విద్యార్థుల్లోంచి ఎన్నికైన ఆఫీసర్లుంటారు, మీటింగులు ఏ రోజు ఏ గదిలో జరుగుతాయో బోర్డు మీద రాసి ఉంటుంది.

మీకు ఏ సొసైటీ నుంచి ఆహ్వానం వచ్చినా ముందు ఇవి అడగండి. మా క్యాంపస్‌లో మీ చాప్టర్ ఉందా? అడ్వైజర్ ఏ ప్రొఫెసర్? ఎంత జీపీఏ కావాలో బయటికి చెప్పారా? ఈ సెమిస్టర్‌లో మీటింగ్ ఎప్పుడు? జవాబులు రాకపోతే డబ్బు కట్టకండి. ఇంకో దారి కూడా ఉంది. 1925 నుంచి పనిచేస్తున్న అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్ అనే సమాఖ్య, ఆనర్ సొసైటీ అనిపించుకోవడానికి ఏ ప్రమాణాలు ఉండాలో నిర్ణయించింది. దాని సభ్యుల జాబితాలో మీకు మెయిల్ పంపినవాళ్ళు ఉన్నారో లేదో చూసుకోవచ్చు. అయితే నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష మీ కాలేజీ ప్రీ-హెల్త్ అడ్వైజింగ్ ఆఫీసుకి నడిచి వెళ్ళి అడగడమే. ఐదు నిమిషాల పని. నేను ఆ ఐదు నిమిషాలు పెట్టలేదు.

అమ్మానాన్నలకి ఒక మాట. గ్రీకు అక్షరాల పేరు వినగానే మా నాన్న "ఏమ్మా, ఇదేదో పార్టీలు చేసుకునేవాళ్ళ క్లబ్బా?" అని కంగారుపడ్డారు. ఇక్కడ పాత విద్యార్థి సంఘాలు చాలావాటికి గ్రీకు పేర్లే. 1776లో మొదలైన ఫై బీటా కప్పా నుంచి ఆ అలవాటు ఉంది. పేరు చూసి భయపడక్కర్లేదు, మీటింగ్ ఎజెండా చూడండి.

జీపీఏ లెక్క మీరే వేసుకోండి

ఏఈడీ జాతీయ నియమం ప్రకారం ఇనిషియేషన్ (సభ్యులుగా చేర్చుకునే కార్యక్రమం) నాటికి కనీసం మూడు సెమిస్టర్లు, క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీల్లో అయితే ఐదు క్వార్టర్లు పూర్తయి ఉండాలి. మొత్తం జీపీఏ 4.0కి కనీసం 3.20 ఉండాలి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి విడిగా లెక్కేసినా 3.20 ఉండాలి. కొన్ని చాప్టర్లు ఇంతకన్నా ఎక్కువ అడుగుతాయి, కనుక మీ చాప్టర్ అంకె ఏదో కనుక్కోండి.

చాలామంది తడబడేది ఈ రెండో అంకె దగ్గర. ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పట్టిక) మీద మొత్తం జీపీఏ కనిపిస్తుంది కానీ సైన్స్ జీపీఏ కనిపించదు. కాగితం తీసుకుని వేసుకోవాల్సిందే. మూడు సెమిస్టర్లు పూర్తిచేసిన ఒక విద్యార్థి గ్రేడ్లు ఇలా ఉన్నాయనుకుందాం, అన్నీ నాలుగేసి క్రెడిట్లవే: బయాలజీ ఒకటిలో ఏ, బయాలజీ రెండులో బీ, జనరల్ కెమిస్ట్రీ ఒకటిలో బీ ప్లస్, రెండులో బీ మైనస్, క్యాలిక్యులస్‌లో ఏ మైనస్, ఆర్గానిక్ కెమిస్ట్రీలో బీ. గ్రేడ్ పాయింట్లు 4.0, 3.0, 3.3, 2.7, 3.7, 3.0. ఒక్కోదాన్ని నాలుగుతో గుణించి కూడితే 78.8. దాన్ని 24 క్రెడిట్లతో భాగిస్తే 3.28. గట్టెక్కినట్టే.

ఇప్పుడు ఆర్గానిక్‌లో బీ బదులు సీ ప్లస్ వచ్చిందనుకోండి. దాని విలువ 2.3. మొత్తం 76కి దిగుతుంది, సగటు 3.17. ఒక్క కోర్సుతో గీత కిందికి పోయారు. కానీ తర్వాతి సెమిస్టర్ నాలుగు క్రెడిట్ల ఫిజిక్స్‌లో ఏ గ్రేడు తెచ్చుకుంటే 76కి 16 కలిపి వచ్చే 92ని 28తో భాగించాలి, 3.29. మళ్ళీ పైకొచ్చేస్తారు. ఈ లెక్క చేతిలో ఉంటే "నా వల్ల కాదు" అనే టెన్షన్ సగం తగ్గిపోతుంది. ఎన్ని క్రెడిట్లకి ఏ గ్రేడు కావాలో కళ్ళముందు కనిపిస్తుంది.

హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి తెచ్చుకున్న క్రెడిట్లకి సాధారణంగా గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏలో కలవవు. సైకాలజీని సైన్స్‌లో కలుపుకోకండి. స్టాటిస్టిక్స్ మ్యాథ్స్ కిందికి వస్తుందా అనేది చాప్టర్ని అడగండి. మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో మాత్రం వస్తుంది. అక్కడా ఇవే నాలుగు సబ్జెక్టులకి విడిగా జీపీఏ వేస్తారు కనుక ఇప్పుడు చేసిన లెక్క వృథా పోదు.

అర్హత రాకముందే వెళ్ళి కూర్చోండి

మూడు సెమిస్టర్లు అయ్యాక చూద్దాంలే అని ఆగకండి. సెమిస్టర్ మొదట్లో ఇన్ఫో మీటింగ్ పెడతారు, దానికి మొదటి ఏడాదిలోనే వెళ్ళండి. చాలా చాప్టర్లు సాధారణ మీటింగులకి ఎవరినైనా రానిస్తాయి. మెడికల్ స్కూల్ అడ్మిషన్స్ వాళ్ళు వచ్చి మాట్లాడతారు, డాక్టర్లు వస్తారు, ఎంక్యాట్ ఎలా చదివారో పై క్లాసువాళ్ళు చెబుతారు. కొన్ని చాప్టర్లలో పాయింట్ల పద్ధతి ఉంటుంది. సెమిస్టర్‌లో ఇన్ని మీటింగులు, ఇన్ని గంటల సేవ పూర్తిచేస్తేనే సభ్యత్వం. ముందే తెలిస్తే ఆర్గానిక్ మిడ్‌టర్మ్ వారంలో పరిగెత్తే పని ఉండదు.

మీటింగ్ అయ్యాక వెంటనే లేచి వెళ్ళిపోకండి. మనవాళ్ళం మనవాళ్ళతోనే మాట్లాడుకుని వచ్చేస్తాం, నేనూ మొదట్లో అంతే. రెండో మీటింగ్‌లో ఒక సీనియర్ పక్కన కూర్చుని "మీరు షాడోయింగ్ ఎలా సంపాదించారు?" అని అడిగాను. ఆయన తను డాక్టర్లకి పంపిన మెయిల్ నాకు పంపారు. నాలుగే వాక్యాలు. ఎవరు, ఏ కాలేజీ, ఎందుకు చూడాలనుకుంటున్నాను, ఏ రోజులు ఖాళీ. ఇరవై మందికి పంపితే ఇద్దరు జవాబిచ్చారట, ఆ ఇద్దరు చాలన్నారు. అప్పటిదాకా నేను ఒకరికి పంపి, జవాబు రాకపోతే బెంగపెట్టుకుని కూర్చునేదాన్ని.

అప్లికేషన్, ఫీజు, ఇనిషియేషన్

ఇది తేలిక. ఫామ్ నింపాలి, అనఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ జతచేయాలి. కొన్నిచోట్ల చిన్న వ్యాసం, ఇంటర్వ్యూ కూడా ఉంటాయి. గడువు తేదీ దాటితే మళ్ళీ తర్వాతి సెమిస్టరే.

ఫీజు దగ్గర రెండు భాగాలుంటాయి. జాతీయ సంస్థకి కట్టేది, మీ చాప్టర్‌కి కట్టేది. ఏది ఒక్కసారి, ఏది ప్రతి సెమిస్టర్‌కీ అన్నది రాతపూర్వకంగా అడగండి. డబ్బు ఇబ్బంది ఉంటే ట్రెజరర్‌కో అడ్వైజర్‌కో చెప్పండి, సర్దుబాటు ఏమైనా ఉందేమో కనుక్కోండి. అడగడానికి మొహమాటపడి వెనక్కి తగ్గినవాళ్ళని చూశాను. ఆ మొహమాటం మీకొద్దు.

ఇనిషియేషన్ ఒక చిన్న కార్యక్రమం. ప్రమాణం చదివిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. అమ్మానాన్నల్ని పిలవొచ్చంటే పిలవండి. మా అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ మీదుంది.

చేరాక అసలు పని మొదలవుతుంది

సభ్యత్వం ఒక్కటే ఉంటే అప్లికేషన్‌లో అది ఒక వరుస. దాని బరువు కూడా అంతే. చాప్టర్ ద్వారా దొరికే పనుల్లో ఏదో ఒకటి పట్టుకుని ఏడాది, రెండేళ్ళు వదలకుండా చేయండి. పది పనులు పైపైన ముట్టుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

నేను పట్టుకున్నది ఫ్రీ క్లినిక్. మా చాప్టర్ శనివారాలు అక్కడికి వాలంటీర్లని పంపేది. చెక్-ఇన్ టేబుల్ దగ్గర కూర్చుని పేర్లు రాసుకోవడం, ఫామ్‌లు నింపడానికి సాయం చేయడం నా పని. ఒకరోజు ఒక తెలుగు పెద్దావిడ వచ్చారు. కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి, ఇన్సూరెన్స్ లేదు. "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అన్నారు. ఆవిడతో వచ్చిన మనవడికి తెలుగు అంతంతమాత్రం. ఫామ్‌లో కంటి సమస్య అని రాశాడు. కళ్ళు తిరగడమంటే కళ్ళకి సంబంధించింది కాదని, తల తిరుగుతున్నట్టు అనిపించడమని నాకు తెలుసు. నేనే లోపలికెళ్ళి డాక్టరుకి చెప్పేద్దామనుకున్నాను. కోఆర్డినేటర్ ఆపారు. వైద్యం దగ్గర ఒక భాషలో అన్నది ఇంకో భాషలో చెప్పే పని శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్లే చేయాలి, వాలంటీర్లు చేయకూడదు. కోఆర్డినేటరే ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించారు. ఫామ్‌లో తప్పు రాసి ఉందని మాత్రం నేను నర్సుకి చెప్పాను. నాకు తెలిసిన భాష ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ నేను ఆగిపోవాలో రెండూ ఆ రోజే నేర్చుకున్నాను.

ఇలాంటి అనుభవం జరిగిన రోజు రాత్రే రాసి పెట్టుకోండి. గూగుల్ షీట్‌లో తేదీ, చోటు, ఎన్ని గంటలు, ఏం చేశారు, ఎవరి కింద పనిచేశారు, వాళ్ళ మెయిల్. రోగి పేరు, ఆనవాళ్ళు మాత్రం ఎక్కడా రాయొద్దు. అప్లికేషన్‌లో ఆ పనిని ధ్రువీకరించే మనిషి వివరాలు అడుగుతారు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ కోఆర్డినేటర్ ఉద్యోగం మారిపోయి ఉంటారు, మెయిల్ పనిచేయదు. నా గంటల్లో దాదాపు నలభై అలా గాలికి పోయాయి.

ఆఫీసర్ పదవికి పోటీ చేయడానికి వెనకాడకండి. ప్రెసిడెంట్ అవ్వాలనేం లేదు. వాలంటీర్ల షెడ్యూల్ చూసుకునే పదవి నా లెక్కలో అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే ప్రతి వారం క్లినిక్ వాళ్ళతో, అడ్వైజర్‌తో మాట్లాడాల్సి వస్తుంది. రెండేళ్ళు మీ పని దగ్గర్నుంచి చూసిన ఆ అడ్వైజర్ రాసే ఉత్తరం, మూడు వందల మంది క్లాసులో ఏ గ్రేడు తెచ్చుకున్నారని రాసే ఉత్తరం కన్నా చాలా నిండుగా ఉంటుంది.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. జీతం లేని సేవకి సాధారణంగా అడ్డు లేదు కానీ, చాప్టర్‌లో ఎవరో మెడికల్ స్క్రైబ్ (డాక్టరు పక్కన ఉండి రికార్డులు రాసే) ఉద్యోగం ఉందన్నారని వెంటనే చేరిపోకండి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట జీతానికి పనిచేస్తే వీసాకే ముప్పు. ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగండి. అమెరికా మెడికల్ స్కూళ్ళలో చాలావరకు ఎఫ్-1 విద్యార్థుల్ని తీసుకోవు. తీసుకునేవి ఏవో రెండో ఏడాదిలోనే జాబితా వేసుకుంటే తర్వాత గుండె ఆగినంత పనవదు.

అప్లికేషన్‌లో ఎలా రాయాలి

ఎక్కువ మెడికల్ స్కూళ్ళకి ఆమ్‌క్యాస్ అనే ఒకే అప్లికేషన్ వెళ్తుంది. అది మే నెలలో తెరుచుకుంటుంది. అందులో మీ అనుభవాలు రాసుకోవడానికి 15 గడులే ఉంటాయి. ఒక్కోదానికి 700 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వాటిలో మూడింటిని అత్యంత ముఖ్యమైనవిగా గుర్తు పెట్టొచ్చు, వాటికి ఇంకో 1,325 అక్షరాలు అదనంగా ఇస్తారు.

కాబట్టి ఒక గడిని ఉత్త సభ్యత్వానికి ఖర్చుపెట్టకండి. మీకు పురస్కారాలు రెండు మూడు ఉంటే అన్నీ కలిపి ఒకే గడిలో రాసి, ఏఈడీ పేరు అక్కడ పెట్టండి. క్లినిక్ పని వేరే గడిలో వాలంటీరింగ్ కింద, ఆఫీసర్ పదవి నాయకత్వం కింద.

రాసే తీరు గురించి. నా మొదటి చిత్తుప్రతిలో "సమాజసేవ చేశాను, నాయకత్వ లక్షణాలు అలవరచుకున్నాను, వైద్యవృత్తి మీద మక్కువ పెరిగింది" అని ఉంది. చాప్టర్‌లో ఒక సీనియర్ చదివి, పెన్ను తీసుకుని మూడు ముక్కలూ కొట్టేసింది. "ఇది ఎవరైనా రాయొచ్చు. ఆ శనివారం టేబుల్ దగ్గర నువ్వేం చేశావో రాయి" అంది. రెండోసారి ఫామ్‌లో తప్పు రాసిన సంగతి, ఇంటర్‌ప్రెటర్ కోసం వేచిచూసిన ఆ ఇరవై నిమిషాలు, ఆ తర్వాత చెక్-ఇన్ టేబుల్ మీద ఏ భాషవాళ్ళకి ఎవరిని పిలవాలో కాగితం అంటించడం, ఇవి రాశాను. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఆ కాగితం గురించే.

నర్సింగ్, ఫార్మసీ, పబ్లిక్ హెల్త్ వాళ్ళకి

నర్సింగ్ చదివేవాళ్ళకి సిగ్మా థీటా టౌ ఉంది. 1922లో ఇండియానా యూనివర్సిటీలో ఆరుగురు నర్సింగ్ విద్యార్థినులు మొదలుపెట్టారు, ఇప్పుడు ఎన్నో దేశాల్లో చాప్టర్లున్నాయి. ఫార్మసీకి రో కై. మనవాళ్ళు చాలామంది మాస్టర్స్‌కి వచ్చే పబ్లిక్ హెల్త్‌లో అయితే డెల్టా ఒమేగా, 1924లో జాన్స్ హాప్కిన్స్‌లో పుట్టింది. వీటిలోకి చేరే పద్ధతి వేరు, మీ స్కూలు చాప్టరే పిలవడమో ఎంపిక చేయడమో జరుగుతుంది. మీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే చెబుతారు. బయాలజీ మేజర్ ఉన్నవాళ్ళు 1922లో ఓక్లహోమా సిటీలో మొదలైన ట్రై-బీటాని కూడా చూడండి, పరిశోధన మీద ఇష్టముంటే ఏఈడీ కన్నా అదే మీకు సరిపోవచ్చు.

మీ కాలేజీలో చాప్టర్ లేకపోతే, జీపీఏ చాలకపోతే

చాప్టర్ లేకపోతే కొత్తది పెట్టడానికి వీలుంది కానీ ఫ్యాకల్టీ అడ్వైజర్ దొరకాలి, కాలేజీ ఒప్పుకోవాలి, కాగితాల పని చాలా ఉంటుంది. రెండో ఏడాదిలో మొదలుపెట్టేవాళ్ళకి నయం, మూడో ఏడాది వాళ్ళు ఆ సమయం ఆస్పత్రిలో గడపడం మంచిది. మామూలు ప్రీ-మెడ్ క్లబ్‌లో కూడా సీనియర్లుంటారు.

జీపీఏ 3.1 దగ్గర ఆగిందని చాప్టర్ వైపు వెళ్ళడం మానేయకండి. మా చాప్టర్‌లో ఒకబ్బాయికి ఆర్గానిక్‌లో సీ ప్లస్ వచ్చింది. సభ్యుడు కాకపోయినా ప్రతి మీటింగ్‌కీ వచ్చేవాడు, క్లినిక్‌కీ వచ్చేవాడు. గురువారం రాత్రులు లైబ్రరీలో ఇద్దరు సీనియర్లు అతనికి ఆర్గానిక్ రెండో భాగం చెప్పారు. తర్వాతి ఏడాది ఇనిషియేషన్‌లో అతను నా వెనక వరుసలో నిలబడ్డాడు. ఈ సెమిస్టర్ గడువు దాటిపోయి ఉంటే తర్వాతి ఇన్ఫో మీటింగ్ తేదీ ఇవాళే అడిగి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఈలోగా సైన్స్ జీపీఏ లెక్క కాగితం మీద వేసి ఉంచుకోండి.